ఫసలీ 1349

మురుగేశ్‌పాళ్యలో మా అపార్ట్‌మెంటు గేటు దాటగానే ఎడమచేతి వైపు తోపుడు బండి మీద పళ్ళు అమ్మే అతను ఉంటాడు. శ్రీనివాసపురం మనిషి. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే మాటలో కలిపేసి మాట్లాడతాడు, అయినా అందరికీ అర్థమవుతుంది. పోయిన మే నెలలో ఒక సాయంత్రం అతని బండి మీద మామిడిపళ్ళు రెండు కుప్పలుగా పోసి ఉన్నాయి. రెండింటికీ అట్టముక్కలు గుచ్చాడు. ఒకదాని మీద బేనిషా, కిలో 80. రెండోదాని మీద బంగినపల్లి, కిలో 110.

"రెండూ ఒకటే కదయ్యా?" అన్నాను.

"ఒకటే ఎట్లయితాది మేడం? ఇది బేనిషా. అది బంగినపల్లి."

"బంగినపల్లి అంటే ఏంటో తెలుసా నీకు?"

కాసేపు తల గోక్కున్నాడు. "ఎవరో రాజు పేరు మేడం. ఆంధ్రా సైడు."

రెండింట్లోనూ కిలో చొప్పున తీసుకొచ్చి, మావారికి చెప్పకుండా వేరువేరు ప్లేట్లలో కోసి పెట్టాను. నూట పది రూపాయల పండు కొంచెం పుల్లగా ఉందన్నారాయన.

నేను పుట్టింది బనగానపల్లెలో. పండు పేరు బంగినపల్లి, ఊరి పేరు బనగానపల్లె. ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగి నేను చెప్పగానే "ఓహో, మామిడిపళ్ళ ఊరు" అంటారు. అక్కడితో సంభాషణ అయిపోతుంది. కొత్తగా పరిచయమైన పిల్లలైతే ఫలానా సినిమా తీసిన బంగళా ఉంది కదా ఆంటీ అని అడుగుతారు. ఆ బంగళా నవాబుగారిదని, ఆ నవాబుకు ఒక రాజ్యం ఉండేదని, అది 1948 దాకా ఉందని చెప్పబోతే ఫోన్లు చూసుకోవడం మొదలుపెడతారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. చదివేవాళ్ళు చదువుతారు.

బండి అబ్బాయి చెప్పింది మరీ తప్పేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కింద సంస్థానాలు ఐదే ఐదు: తిరువాన్కూరు, కొచ్చి, పుదుక్కోట, బనగానపల్లె, సండూరు. మొదటి రెండిటి గురించి గ్రంథాలున్నాయి, పుదుక్కోట గురించి తమిళులు బాగానే రాసుకున్నారు. సండూరు వాళ్ళకు ఇనుప గనులున్నాయి కాబట్టి పేపర్లో పేరైనా వస్తుంది. మిగిలింది మాదే. 1901 లెక్కల్లో సంస్థానం మొత్తం 255 చదరపు మైళ్ళు, జనం 32,264 మంది. అంతకు పదేళ్ళ ముందుకంటే నూటికి తొమ్మిది మంది తక్కువ. చదరపు మైళ్ళంటే మనకు ఊహకు అందదు కాబట్టి చెబుతున్నాను, 2025 దాకా ఉన్న బెంగళూరు మహానగర పాలికె పరిధి ఏడు వందల చదరపు కిలోమీటర్లకు పైన ఉండేది, మా రాజ్యం మొత్తం 660. అంటే నవాబుగారు తన రాజ్యం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళడం, నేను యలహంక నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్ళడం దాదాపు ఒకటే. ఆయనకు ట్రాఫిక్ లేదు, అంతే. అదైనా ఒకే ముక్క కాదు, రెండు ముక్కలు, చుట్టూ కర్నూలు జిల్లా.

ఇంత చిన్న రాజుకూ తొమ్మిది తుపాకుల సెల్యూట్ ఉండేది. తిరువాన్కూరుకు పందొమ్మిది, కొచ్చికి పదిహేడు. ఎవరికి ఎన్ని గుండ్లు పేల్చాలో లెక్క కట్టి పెట్టిన తెల్లవాళ్ళ ఓపికకు దణ్ణం పెట్టాలి. మా బ్యాంకులో ఏజీఎంకు ఎంత పెద్ద టేబులు, మేనేజరుకు ఎంత టేబులు అని సర్క్యులర్ ఉండేది, అది గుర్తొస్తుంది నాకు.

అవును, నేను బ్యాంకులో పనిచేశాను. ముప్పై నాలుగేళ్ళు. చివరి పదకొండేళ్ళు ఇక్కడే, బెంగళూరులో, వసూళ్ళ విభాగంలో. మొండి బకాయిలు, జప్తులు, వేలాలు. రిటైరయి రెండేళ్ళయింది. ఇంట్లో కూర్చుని మా ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసొచ్చింది, ఇది నాకు బాగా పరిచయమైన సరుకేనని. మా సంస్థానం చరిత్ర ఒక మొండి ఖాతా చరిత్ర.

చదవడం ఎందుకు మొదలుపెట్టానంటే ఒక కాగితం వల్ల. ఊళ్ళో పాత ఇల్లు అమ్మేటప్పుడు మా తమ్ముడు అటక మీది ట్రంకుపెట్టె దింపాడు. అందులో మా అవ్వ పట్టుచీర ఒకటి (మడతల దగ్గర చిరిగిపోయింది), ఇత్తడి కుంకుమ భరిణె, ఒక మూట కాగితాలు. కాగితాల్లో సగం చెదలు తినేశాయి. తమ్ముడు ఫోను చేసి, "అక్కా, ఇందులో యేదో 1349 అని ఉండాది. విజయనగరం కాలం నాటిదేమో, ఎవరికన్నా అమ్మితే డబ్బులొస్తాయేమో" అన్నాడు. వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అరచేతి కంటే కొంచెం పెద్ద కాగితం, అంచులు బిస్కెట్ రంగుకు తిరిగాయి. శిస్తు రసీదు. గుండ్రంగా తోసుకుంటూ రాసిన తెలుగు చేవ్రాలు. కింద ఒక మొహరు ముద్ర, నూనె మరక పడి చదవడానికి లేదు. పైన "ఫసలీ 1349". మా తాత పేరు, పొలం పేరు, రూపాయలు, అణాలు, పైసలు.

ఫసలీ అంటే పంటల లెక్కన వేసే సంవత్సరం. రెవెన్యూ వాళ్ళ సంవత్సరం. జూలైలో మొదలై జూన్‌లో పోతుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1349కి కలిపితే 1939 జూలై నుంచి 1940 జూన్ దాకా. విజయనగరమూ కాదు, అమ్మకమూ లేదు అని చెబితే తమ్ముడు నీరుగారిపోయాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. 1939 మా అవ్వ పెళ్ళయిన ఏడు.

అవ్వ పుట్టిల్లు కోయిలకుంట్ల దగ్గర. అది ఇంగ్లీషువాళ్ళ జిల్లా. అత్తిల్లు బనగానపల్లె, నవాబు సీమ. రెండింటికీ మధ్య ఒక పూట బండి ప్రయాణం. పద్నాలుగేళ్ళ పిల్లను ఎద్దులబండిలో తీసుకొస్తుంటే, దారిలో ఒక వాగు దాటగానే వాళ్ళ మామ బండి ఆపించాడట. "ఇంగ ఇక్కడి నుంచి నవాబు సీమ మ్మే. నోరు అదుపులో పెట్టుకో" అన్నాడట. అవ్వ బండి దిగి అటూ ఇటూ చూసిందట. "యేం తేడా కనపడ్ల్యా. అదే నల్లరేగడి, అవే జొన్నచేలు. కాకులు గూడా అవే" అనేది. కాకుల మాట ఎందుకంటే యాగంటి మాకు దగ్గరే, అక్కడ అగస్త్యుడి శాపం వల్ల కాకులు రావని అందరూ అంటారు. నవాబు సీమలో ఎక్కడా కాకులుండవేమో అనుకుందట పాపం.

మా ఊళ్ళో నవాబు అనగానే పెద్దవాళ్ళు చెప్పే కథ కూడా ఒక్కటే. పోతులూరి వీరబ్రహ్మం గారు అచ్చమ్మ గారింట్లో పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాస్తున్న రోజుల్లో, ఆయన్ను పరీక్షించడానికి నవాబు పళ్ళెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి పంపించాడట. గుడ్డ తీస్తే పూలు. నవాబు దాసోహమన్నాడు. ఇందులో ఎంత నిజమో గానీ, జనం గుర్తుపెట్టుకున్న నవాబు ఓడిపోయిన నవాబే అని గమనించాను. ఆయన పేరు కూడా చెప్పరు.

అసలు కథ ఇంత అద్భుతంగా ఉండదు. బీజాపూరు సుల్తానులు ఇచ్చిన జాగీరు ఇది. బీజాపూరును ఔరంగజేబు మింగాడు, జాగీరు మిగిలింది. తర్వాత హైదరలీ, టిప్పు. టిప్పు కాలంలో ఊరు చేజారి, నవాబు కుటుంబం హైదరాబాదు పోయి తలదాచుకుంది. 1790 ప్రాంతంలో మళ్ళీ వచ్చి పట్టుకున్నారు. అంటే మా ఊరికీ ఈ మైసూరు దేశానికీ పాత లెక్కలున్నాయి. ఇంత దాకా ఎవరి పైచేయి అయితే వాళ్ళకు సలాం కొట్టుకుంటూ నెట్టుకొచ్చారు. 1800లో నిజాం తన అప్పుల కింద, అంటే కంపెనీ సైన్యం ఖర్చుల కింద, కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేశాడు. దత్తమండలం అని మనం చిన్నప్పుడు చదువుకున్నది అదే. దాంతో పాటు మా జాగీరు మీద పెత్తనం కూడా మద్రాసు కోటకు పోయింది. నా భాషలో చెప్పాలంటే, పెద్ద బ్యాంకు చిన్న బ్యాంకును తీసుకున్నప్పుడు ఖాతాలన్నీ బదిలీ అయినట్టు. ఖాతాదారును ఎవరడుగుతారు?

1832లో మద్రాసు ప్రభుత్వం జాగీరును తన చేతుల్లోకి తీసుకుంది. పదహారేళ్ళు. కారణం ఏమిటని ఎక్కడ చూసినా ఒకటే ముక్క: ఆర్థిక నిర్వహణ సరిగా లేకపోవడం.

ఈ ముక్క చదవగానే పుస్తకం మూసేసి కాఫీ పెట్టుకున్నాను. ఎందుకంటే ఈ ముక్క నేను కొన్ని వందల ఫైళ్ళలో రాశాను. హోస్కోట దగ్గర ఒక కోళ్ళఫారం ఖాతా ఉండేది. రోగం వచ్చి కోళ్ళు చచ్చిపోయాయి, మేత ధర పెరిగింది, అన్నదమ్ములిద్దరూ విడిపోయారు, ఇన్సూరెన్సు రాలేదు. నేను ఆ రోజు ఆఫీసులో కూర్చుని ఫైల్లో రాసింది "నిర్వహణ లోపం" అని రెండే మాటలు. రాయడానికి అర నిమిషం పట్టలేదు. తర్వాత ఎవరు ఆ ఫైలు తెరిచినా, కోళ్ళ సంగతి తెలియదు, అన్నదమ్ముల సంగతి తెలియదు. లోపం ఒక్కటే తెలుస్తుంది. అప్పిచ్చినవాడు రాసిన ఫైలు అట్లాగే ఉంటుంది.

నవాబులు మంచివాళ్ళని నేననడం లేదు. అప్పులు చేశారు, వాటాల కోసం కొట్టుకున్నారు, రైతు దగ్గర పిండుకున్నారు, అనుమానమేమీ లేదు. కానీ 1832 అంటే ఏ సంవత్సరం? గుంటూరు సీమలో డొక్కల కరువని ఇప్పటికీ చెప్పుకునే నందన కరువు ముంచుకొస్తున్న ఏడు. వానకు పంటా, పంటకు శిస్తూ కట్టుబడి ఉన్న దేశంలో నిర్వహణ లోపం ఒక్క నవాబుదేనా?

ఆ పదహారేళ్ళలో చుట్టుపక్కల జరిగినవి చూస్తే గుండె జారిపోతుంది. కర్నూలుకు మాకంటే పెద్ద నవాబు ఉండేవాడు, గులాం రసూల్ ఖాన్. 1839లో, రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీ సైన్యం వచ్చి పడింది. ఆయన్ను తిరుచిరాపల్లికి పంపారు, మరుసటేడు అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కలిపేసుకున్నారు. ఏడేళ్ళ తర్వాత, 1846లో, మా పొలిమేర అవతల కోయిలకుంట్ల ఖజానా మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పడ్డాడు. ఆయనకొచ్చే పింఛను నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. ఆ ఎనిమిది పైసల దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎంత శ్రద్ధగా లెక్క కట్టారో! 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. ముప్పై ఏళ్ళు అది అక్కడే ఉంది. మా అవ్వ వాళ్ళ అవ్వ ఆ తలను చూసిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

తల వేలాడుతుండగానే, 1848లో, బనగానపల్లె జాగీరును తిరిగి నవాబు వంశానికి ఇచ్చేశారు. ఎందుకిచ్చారో నా ఊహ నాకుంది. పెద్దవాణ్ణి మింగాక, తిరగబడ్డవాణ్ణి ఉరితీశాక, భయపడి ఉన్న చిన్నవాడి చేత శిస్తు వసూలు చేయించుకోవడం చవక. మేమూ అంతే చేసేవాళ్ళం. జప్తు చేసిన ఫ్యాక్టరీకి కాపలా పెట్టి, కరెంటు బిల్లు కట్టుకుంటూ కూర్చోవడం కంటే, పాత యజమాని చేతికే ఇచ్చి వాయిదాలు కట్టించుకోవడం నయం.

ఇచ్చారు గానీ తాళంచెవి గుత్తి వాళ్ళ దగ్గరే. 1857 గొడవల తర్వాత, వారసుడు లేని రాజ్యాలను కలిపేసుకునే పద్ధతికి స్వస్తి చెప్పి సంస్థానాలకు సన్నదులు, అంటే హామీపత్రాలు, ఇచ్చుకుంటూ పోయారు. మాకు 1862లో వచ్చింది. కన్నబిడ్డ లేకపోతే ముస్లిం న్యాయం ప్రకారం వారసత్వం ఒప్పుకుంటామని. ఆ తర్వాత 1876లో నవాబు అన్న బిరుదు వంశపారంపర్యంగా ఖాయం చేశారు. ప్రమోషన్ అన్నమాట. అదే ఏడు ధాత కరువు. మా సీమలో ఇప్పటికీ, బాగా ఆకలి మీద తినేవాణ్ణి చూస్తే "ధాత కరువులో పుట్టినావా?" అని అడిగే ముసలివాళ్ళున్నారు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. బిరుదుపత్రం మీద సిరా ఆరేలోపు ఎంతమంది పోయారో.

1905 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ముక్క. ఆర్థిక నిర్వహణ లోపం. మద్రాసు గవర్నరు లార్డ్ ఆంప్‌థిల్ కాలం. నవాబు ఫతే అలీ ఖాన్‌ను పక్కన కూర్చోబెట్టి, కొన్ని నెలల పాటు ప్రభుత్వమే నడిపింది. తర్వాత కొడుకు గులాం అలీ ఖాన్ గద్దెనెక్కాడు. ఆ రోజుల్లో సంస్థానం ఆదాయం ఏడాదికి సుమారు ఎనిమిది వేల పౌండ్లు. పౌండుకు పదిహేను రూపాయల లెక్కన లక్షా ఇరవై వేలు. తలకు మూడున్నర, నాలుగు రూపాయలు. అందులో నవాబుగారి ఇల్లు, బంధువుల ఇళ్ళు, నౌకర్లు, కచ్చేరి, మర్యాదలు. ఈ బ్యాలెన్స్ షీటు నా టేబులు మీదకు వస్తే కొత్త లోను ఇచ్చేదాన్ని కాదు. కానీ తొమ్మిది తుపాకుల మర్యాద నిలబెట్టుకోమని చెప్పిందెవరు? అదీ ఆ ఫైల్లో ఉండదు.

ఇంక అసలు చెప్పాలనుకున్న సంగతి. ఇదంతా చదువుతూ 1939 దగ్గరికి వచ్చాను. 1923 దాకా మా సంస్థానం వ్యవహారాలు మద్రాసు ప్రభుత్వం చూసేది. ఆ ఏడు ఐదు సంస్థానాలనూ నేరుగా భారత ప్రభుత్వం కిందికి తెచ్చి, మద్రాసు స్టేట్స్ ఏజెన్సీ అని పెట్టారు. దాని ఏజెంటు ఉండేది తిరువనంతపురంలో. బనగానపల్లె నవాబు ఏదైనా విన్నవించుకోవాలంటే అరేబియా సముద్రం ఒడ్డున కూర్చున్న దొరకు విన్నవించుకోవాలి! బహుశా వాళ్ళకే విసుగొచ్చి ఉంటుంది. 1939 జనవరి 1న బనగానపల్లెనూ సండూరునూ అక్కడి నుంచి తీసి, మైసూరు రెసిడెంటు, అంటే మైసూరు సంస్థానంలో ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి, చేతికి అప్పగించారు.

మైసూరు రెసిడెంటు ఎక్కడుండేవాడు? బెంగళూరులో. ఇప్పటి రాజ్‌భవన్‌లో. మార్క్ కబ్బన్ 1840 ప్రాంతంలో కట్టించుకున్న బంగళా అది, తర్వాత రెసిడెన్సీ అయింది. రెసిడెన్సీ రోడ్డు మీద ఉందేమో అనుకుంటారు చాలామంది. నేనూ అనుకునేదాన్ని. ఆ రోడ్డు మీది ఒక బ్రాంచిలో ఆరేళ్ళు పనిచేశాను, ఆ పేరు ఎవరిదని ఒక్కరోజూ ఆలోచించలేదు. రోజూ మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరుస్తూ, కిటికీలోంచి ట్రాఫిక్ చూస్తూ, మా ఊరు దూరమైపోయిందని బెంగపెట్టుకునేదాన్ని. మా ఊరి పెత్తనం ఒకప్పుడు అక్కడికి రెండు మైళ్ళ దూరంలో ఉండేదని తెలియదు కదా.

అవ్వ బండిలో వాగు దాటిన ఏడు, తాత శిస్తు కట్టి రసీదు తీసుకున్న ఏడు, వాళ్ళ నవాబు ఫజ్లే అలీ ఖాన్ మీద కన్నేసి ఉంచే పని ఈ ఊళ్ళోని ఒక బంగళాది. అవ్వకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఆమెకు బెంగళూరు అంటే నేను ఉద్యోగం చేసే ఊరు. "ఆడ చలి గదా, స్వెట్టరేసుకో" అని ప్రతి ఫోన్లోనూ చెప్పేది, ఏప్రిల్లో కూడా.

ఒకరోజు విధానసౌధ దగ్గర మెట్రో దిగి, రాజ్‌భవన్ ప్రహరీ పక్కన నిలబడి చూశాను. చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఫోను తీసి గేటు ఫొటో తీయబోతే కాపలా పోలీసు వచ్చి, ఇక్కడ తీయకూడదమ్మా అన్నాడు. "మా ఊరిని ఇక్కడి నుంచి చూసుకునేవాళ్ళు" అని కన్నడంలో చెప్పాను. ఆయనకు ఏమర్థమైందో, పెన్షన్ ఆఫీసు అటు వైపు అని చెయ్యి చూపించాడు. కోపం రాలేదు. ఆ వయసు, ఆ చేతిసంచి చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు.

1947లో రెసిడెంటు పెట్టె సర్దుకున్నాడు. 1948 ఫిబ్రవరిలో బనగానపల్లె మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో చేరింది. యుద్ధం లేదు, హైదరాబాదులో లాగా పోలీసు చర్య లేదు. 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 2022లో నంద్యాల జిల్లా. అవ్వ ఇల్లు ఉన్నచోటే ఉంది, అడ్రసు మాత్రం మారుతూ వచ్చింది. సంస్థానం పోయిన రోజు ఎట్లా ఉండిందని చిన్నప్పుడు అడిగితే, "యేముంది, కరణం మాత్రం మారల్యా" అంది.

ఇప్పుడు ఊరికి పోతే సంస్థానం కంటే నాపరాళ్ళే ఎక్కువ కనపడతాయి. బేతంచెర్ల దాకా ఎటు చూసినా గనులు, పాలిష్ మిషన్ల రొద, రోడ్డు పక్కన నిలబెట్టిన పలకలు, వాటి మీద నుంచి కారే తెల్లని బురదనీళ్ళు. బెంగళూరులో మా మెట్లకు వేసింది కూడా ఆ రాయే, తాపీమేస్త్రీ "కడప స్టోన్" అన్నాడు, నేను సరిదిద్దలేదు. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల రైలుమార్గం పూర్తయి, మా ఊరికీ స్టేషను వచ్చింది. నవాబులకు లేని భోగం. వజ్రాల కోసం తవ్విన పాత గుంతలు కొండ వైపు ఇంకా ఉన్నాయి. బనగానపల్లె రాతిపొరల పేరు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉందని మా మేనల్లుడు చెబితే, పోనీలే మామిడిపండు కాకుండా ఇంకోదానికి కూడా మా పేరుందనుకున్నాను.

మామిడి సంగతి కూడా చెప్పాలి. 2017 మే నెలలో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలు పుట్టిన చోటు బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలని రాశారు. పెంచే ప్రాంతం మాత్రం రెండు రాష్ట్రాల్లో చాలా జిల్లాలు. మచ్చలేనిది కాబట్టి దాన్నే బేనిషాన్ అన్నారు, నవాబుగారి భాషలోంచి వచ్చిన మాట. అది కన్నడ దేశం చేరేసరికి నకారం రాలిపోయి బేనిషా అయింది. తమ్ముడు ఏటా మేలో ఒక పెట్టె బస్సులో వేసి పంపిస్తాడు. గడ్డిలో పొదిగి, పైన పాత తెలుగు పేపరు కప్పి. ఈ ఏడు పేపరు కింద ప్లాస్టిక్ కవర్లో పెట్టి రసీదు కూడా పంపాడు. "అమ్ముడుపోదంటివి గదా, నీ దగ్గరే పెట్టుకో అక్కా" అన్నాడు.

పళ్ళ వాసన పట్టింది దానికి. నాలుగు రోజులు బీరువా తలుపు తీస్తే మామిడి వాసన. ఫ్రేము కట్టిద్దామా అని మావారు అడిగారు. వద్దన్నాను. ముప్పై నాలుగేళ్ళు రసీదులు చూసినదాన్ని, గోడకు ఎట్లా తగిలిస్తాను? కానీ భూతద్దం పెట్టి ఆ మొహరును మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. నూనె మరక కింద ఒక వంపు, ఒక చుక్క కనపడుతున్నాయి. ఉర్దూ అక్షరమే అయ్యుండాలి.

నిన్న సాయంత్రం బండి దగ్గరికి పోయాను. బంగినపల్లి అయిపోయింది మేడం, బేనిషా ఉంది అన్నాడు. రెండు కిలోలు తూయమన్నాను.